అరాచకం అంటే రాజు లేకపోవడమా, రాజు చేసేదా?

మీ ప్రశ్న – మా జవాబు

పోయిన సంచికలో ఒక పాఠకుడు రౌలట్ చట్టం గురించి అడిగితే, దాని అసలు పేరు ‘అనార్కికల్ అండ్ రివల్యూషనరీ క్రైమ్స్ యాక్ట్’ అనీ, 1919 మార్చిలో వచ్చిందనీ, విచారణ లేకుండానే మనిషిని లోపల పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చిందనీ రాశాను. ఆ పేరులోని ‘అనార్కీ’ అనే మాట పట్టుకుని చాలామంది రాశారు. అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

పేపర్ తెరిస్తే ‘హాస్టల్లో అరాచకం’, ‘ఇసుక మాఫియా అరాచకాలు’ అని ఉంటుంది. మా పొలిటికల్ సైన్స్‌లో మాత్రం అనార్కిజం అని ఒక సిద్ధాంతం, దానికి తత్వవేత్తలు, పుస్తకాలు. రెండూ ఒకటేనా? ఈ మాట ఎక్కడ పుట్టింది?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

రెండూ ఒకటి కాదమ్మా, కానీ మూలం ఒకటే. అది గ్రీకు భాషలో ఉంది. ‘ఆర్ఖోస్’ అంటే ముందుండి నడిపేవాడు, అధికారి. దాని ముందు ‘అన్’ చేరిస్తే అధికారి లేని స్థితి, ‘అనార్ఖియా’. మొదట్లో ఇది తిట్టే కానక్కర్లేదు. హెరొడోటస్ రాసిన చరిత్రలో క్రీ.పూ. 479 నాటి ప్లటాయియా యుద్ధం దగ్గర పర్షియా గుర్రపు దళం నాయకుడు చచ్చిపోతాడు, ఆజ్ఞ ఇచ్చేవాడు లేక ఆ రౌతులు తమ సేనాపతి దగ్గరికి తిరిగిపోదామని అనుకుంటారు, అక్కడ వాడింది ఈ మాటే. నాయకుడు లేడు అని చెప్పడం, అంతే.

కానీ నన్నడిగితే ఈ మాట గురించి తెలుసుకోవాల్సిన అసలు కథ ఏథెన్స్‌లో జరిగింది. అక్కడ ప్రతి ఏడాదికీ ఆ ఏటి ముఖ్య అధికారి, ‘ఆర్ఖాన్’ అంటారు, అతని పేరే పెట్టేవాళ్ళు, మనం ప్రభవ, విభవ అని పిలుచుకున్నట్టు వాళ్ళకి ఫలానా ఆయన ఏడు, ఫలానా ఆయన ఏడు అన్నమాట. క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టా చేతిలో ఓడిపోయింది. గెలిచినవాళ్ళ అండతో 30 మంది పెద్దమనుషులు ఊరి మీద అధికారం చేతిలోకి తీసుకుని కొద్ది నెలల్లోనే 1500 మందిని చంపించారని అరిస్టాటిల్ పేరు మీద ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ చరిత్ర చెబుతుంది. ఆస్తుల కోసం కూడా చంపారు. వాళ్ళ హయాంలో పిథొడోరస్ అనే ఆయన ఆర్ఖాన్. తర్వాత జనం తిరగబడి ప్రజాస్వామ్యం తిరిగి తెచ్చుకున్నాక ఏం చేశారంటే, ఆ ఏటికి ఆయన పేరు పెట్టడానికి ఒప్పుకోలేదు. దానికి ‘అనార్ఖియా’ అని పేరు పెట్టారు, అధికారి లేని ఏడు అని.

అంటే ఆ ఏడు పాలకులు లేని ఏడు కాదు, ఊరి నిండా పాలకులే, పైగా ఒకరు కాదు 30 మంది. జనం ఒప్పుకోని పాలన పాలనే కాదు అని చెప్పడానికి ఆ మాట వాడారు. దీన్ని గుర్తుపెట్టుకోండి, కింద ఇంకో జవాబులో మళ్ళీ అవసరం పడుతుంది.

గ్రీకు నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఇది ఎదుటివాణ్ణి కొట్టే రాయి అయిపోయింది. 1640లలో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం జరుగుతుంటే, మామూలు జనానికి కూడా ఓటు కావాలన్నవాళ్ళని అనార్కిస్టులన్నారు. 1793లో ఫ్రెంచి విప్లవం మధ్యలో బ్రిసో అనే నాయకుడు తనకంటే ముందుకు పోదామన్నవాళ్ళని అదే మాటతో తిట్టాడు. గమనించండి, అప్పటిదాకా ఈ పేరు ఎవరూ తమకి తాము పెట్టుకోలేదు, ఎప్పుడూ పక్కవాడికి అంటగట్టిందే.

దాన్ని తన పేరుగా తీసుకున్న మొదటి పేరున్న మనిషి పియెర్ జోసెఫ్ ప్రూధాన్. 1809లో ఫ్రాన్స్‌లో పేద ఇంట్లో పుట్టాడు, తండ్రి పీపాలు చేసేవాడు, తను ప్రెస్సులో అక్షరాలు కూర్చి బతికాడు. 1840లో ఆస్తి అంటే ఏమిటి అని పుస్తకం రాసి, ఆస్తి అంటే దొంగతనమే అని జవాబిచ్చి, అందులోనే నేను అనార్కిస్టుని అని ప్రకటించుకున్నాడు. ఆయన వాదం గందరగోళం కావాలని కాదు, సరిగ్గా దానికి ఎదురు. క్రమం అనేది పైనుంచి ఒకడు ఆజ్ఞ వేస్తే రాదు, సమానులు ఒకరితో ఒకరు చేసుకునే ఒప్పందాల నుంచి వస్తుంది అన్నాడు. ఆయన తర్వాత రష్యా నుంచి బకునిన్, క్రపోట్కిన్ ఈ ఆలోచనని పెద్ద ఉద్యమంగా పెంచారు. బకునిన్‌కీ మార్క్స్‌కీ చెడి 1872లో హేగ్ సభలో బకునిన్‌ని ఇంటర్నేషనల్ అనే అంతర్జాతీయ కార్మిక సంఘం నుంచి బయటకి పంపారు, గొడవ ఏమిటంటే విప్లవం తర్వాత రాజ్యం ఉండాలా వద్దా అని. మీ సిలబస్‌లో ఉన్న అనార్కిజం ఇది, పేపర్ వాళ్ళ అరాచకం కాదు.

మన ఇతిహాసాల్లో ఈ భావన ఉందా? లేక ఇది పూర్తిగా పడమటి సరుకేనా?
– రిటైర్డ్ తెలుగు పండితులు, చిత్తూరు

మాస్టారూ, మీకు తెలియంది కాదు గానీ మిగతా పాఠకుల కోసం అడిగారనుకుంటాను. ఉంది, అదీ రెండు వైపులా ఉంది.

మొదటిది వాల్మీకి అయోధ్యాకాండలో. దశరథుడు పోయాడు, రాముడు అడవిలో, భరతుడు మేనమామ ఇంట్లో, సింహాసనం ఖాళీ. తెల్లారగానే మార్కండేయుడు మొదలైనవాళ్ళు వసిష్ఠుడి దగ్గరికి వచ్చి వెంటనే ఎవరినో ఒకరిని రాజుని చెయ్యమంటారు. అక్కడ వరసపెట్టి వచ్చే శ్లోకాలు ‘నారాజకే జనపదే’ అని ఎత్తుకుంటాయి, రాజు లేని దేశంలో ఇది ఉండదు, అది ఉండదు అని. వాన పడదు, గుప్పెడు విత్తనం చల్లేవాడు ఉండడు, సరుకులేసుకుని దూరం పోయే వర్తకుడికి క్షేమం లేదు, సాయంత్రం పూట బంగారం పెట్టుకున్న ఆడపిల్లలు తోటకి ఆడుకోవడానికి పోలేరు, రైతులూ పశువుల కాపరులూ తలుపులు తీసి పడుకోలేరు. చివరికి ఇది నాది అని ఎవరికీ ఉండదు, చేపల్లా జనం ఒకర్నొకరు తింటారు అంటారు. మత్స్యన్యాయం అంటే ఇదే, కౌటిల్యుడూ ఈ మాట వాడాడు. 8వ శతాబ్దంలో బెంగాల్‌లో గోపాలుణ్ణి రాజుని చేసింది ఈ మత్స్యన్యాయం పోగొట్టడానికే అని ఆయన కొడుకు ధర్మపాలుడి ఖాలింపూర్ రాగిశాసనంలో ఉంది.

రెండోది మహాభారతం శాంతిపర్వంలో, నాకు ఇది చాలా ఇష్టం. ధర్మరాజు అంపశయ్య మీదున్న భీష్ముణ్ణి అడుగుతాడు: రాజుకీ అందరిలాగే చేతులు, మెడ, పొట్ట, వీపు, అందరిలాంటి బుద్ధి, అందరిలాంటి సుఖదుఃఖాలే కదా, మరి ఆ ఒక్కడు ఇంతమందిని ఎలా ఏలుతున్నాడు? అంత యుద్ధం చేసి రాజ్యం గెలిచినవాడు అడిగిన ప్రశ్న అది. భీష్ముడు చెప్పే జవాబు ఇంకా గొప్పది. మొదట్లో రాజ్యం లేదు, రాజు లేడు, శిక్ష లేదు, శిక్షించేవాడు లేడు, జనం ధర్మంతోనే ఒకర్నొకరు కాపాడుకునేవాళ్ళు అంటాడు. తర్వాత మోహం వచ్చింది, ఆ వెనక లోభం వచ్చింది, అప్పుడే రాజు అవసరమయ్యాడని చెబుతాడు. వేనుడనే రాజు ధర్మం తప్పితే ఋషులు మంత్రించిన దర్భలతో చంపేశారని కూడా అక్కడే ఉంది.

అయోధ్యలో రాజు లేకపోతే భయం, భీష్ముడి మాటలో రాజు లేని రోజులే మంచి రోజులు. రెండో మాట ప్రూధాన్ వింటే సంతోషించేవాడు, కానీ భీష్ముడు అక్కడ ఆగలేదు, రాజు తప్పదనే తేల్చాడు కాబట్టి ఆయన్ని అనార్కిస్టు అని లాక్కురావద్దు. ఇక మాట రూపం మీరెరిగిందే, రాజబాట రాచబాట అయినట్టు అరాజకం కాస్తా తెలుగులో అరాచకం అయింది.

గంగమ్మ జాతర కథలో పాలెగాడి అరాచకాలు అని మా అవ్వ చెప్పేది. పాలెగాడే కదా అక్కడ రాజు, మరి రాజు ఉంటే అది అరాచకం ఎలా అవుతుంది? మనం మాట తప్పు వాడుతున్నామా?
– గృహిణి, తిరుపతి

ఈ ఉత్తరం చదివి చాలా సంతోషం వేసిందమ్మా, అసలు ప్రశ్న ఇదే.

తిరుపతి బయట ఉన్న పాఠకుల కోసం కథ రెండు ముక్కల్లో: ఈ ప్రాంతాన్ని ఏలే పాలెగాడు కొత్త పెళ్ళికూతుళ్ళని మొదటి రాత్రి తన దగ్గరికి పంపమనేవాడట. అవిలాలలో పుట్టి కైకాల వాళ్ళింట పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నేస్తే ఆమె అసలు రూపం చూపించింది, వాడు పారిపోయి దాక్కున్నాడు, వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకో వేషం కట్టి ఊరంతా తిరిగింది, చివరికి దొర వేషంలో వస్తే ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని వాడు బయటికి రావడంతో తల నరికింది. అందుకే మే నెల జాతరలో తాతయ్యగుంట గుడి చుట్టూ అన్ని వేషాలు. బైరాగి వేషానికి ఒంటినిండా తెల్ల సుద్ద, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం పూసుకుని, వేపాకు కట్టుకుని పిల్లలూ పెద్దలూ బయల్దేరతారు, మగవాళ్ళు చీరలు కడతారు. వేషం వేసినవాళ్ళు ఎదురొచ్చినవాణ్ణి ఎంత పెద్దమనిషైనా బూతులు తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. ఆ కొద్ది రోజులూ పెద్దా చిన్నా తారుమారు.

మీ అవ్వ వాడిన మాట తప్పు కాదు. నిఘంటువులో అరాజకం అంటే రాజు లేకపోవడమే, కానీ జనం నోట్లో ‘అరాచకాలు’ అని బహువచనంలో పడితే దాని అర్థం బలవంతుడు చేసే దుర్మార్గం. ఏథెన్స్ వాళ్ళు ఆ 30 మంది ఏలిన ఏటికి అధికారి లేని ఏడు అని పేరు పెట్టింది కూడా సరిగ్గా ఈ తర్కంతోనే. కాపాడాల్సినవాడు పీక్కుతింటే వాడు ఉన్నా లేనట్టే లెక్క. రెండు వేల నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ఊరివాళ్ళకీ మీ అవ్వకీ ఒకే మాట తోచిందంటే, నాకు మాత్రం అందులో జనం తీర్పు వినిపిస్తుంది. పాలకుడు లేకపోవడం కంటే పాలకుడి ఆగడమే వాళ్ళకి ఎక్కువ అనుభవం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. చరిత్రలోని పాలెగాళ్ళందరినీ ఈ కథలోని పాలెగాడితో కట్టెయ్యకూడదు. విజయనగర కాలంలో వాళ్ళు శిస్తు వసూలు చేసి, దొంగలనుంచి దారులు కాచి, యుద్ధానికి మనుషుల్ని పంపినవాళ్ళు. 1801లో ఆర్కాటు నవాబు చేతినుంచి చిత్తూరు ప్రాంతం ఈస్టిండియా కంపెనీకి పోయాక ఇక్కడి పాలెగాళ్ళు కొందరు ఎదురు తిరిగారు, కొద్ది ఏళ్ళలోనే వాళ్ళని అణిచేశారు. ఆ పోరాటాన్ని కంపెనీ దొరలు తిరుగుబాటనీ గందరగోళమనీ రాసుకున్నారు, ఇక్కడివాళ్ళు కొందరు వీరగాథ అని చెప్పుకున్నారు. అరాచకం అనే మాట ఎవరు ఎవరి మీద వేస్తున్నారో చూడకుండా నమ్మొద్దు అనడానికి మన జిల్లా చరిత్ర చాలు.

మేడే అనార్కిస్టుల వల్ల వచ్చిందని ఒక మీటింగులో విన్నాను. నిజమా?
– పవర్‌లూమ్ కార్మికుడు, పుత్తూరు

చాలావరకు నిజం. 1886 మే 1న అమెరికాలో 8 గంటల పని కోసం పెద్ద సమ్మె మొదలైంది, చికాగోలో దాన్ని ముందుండి నడిపినవాళ్ళలో చాలామంది అనార్కిస్టులు. మే 3న మెకార్మిక్ ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కార్మికుల మీద కాల్పులు జరిపారు. దానికి నిరసనగా మర్నాడు రాత్రి హేమార్కెట్ అనే చోట సభ పెడితే, అది ముగిసే వేళకి పోలీసులు వచ్చారు, ఎవరో బాంబు వేశారు. వేసింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు. కానీ 8 మంది అనార్కిస్టుల మీద కేసు పెట్టి కోర్టులో ఏడుగురికి ఉరిశిక్ష వేశారు, వాళ్ళ మీద ఉన్న సాక్ష్యం ముఖ్యంగా వాళ్ళ రాతలు, ఉపన్యాసాలే. ఒకతను జైల్లోనే ప్రాణం తీసుకున్నాడు, ఇద్దరికి శిక్ష తగ్గింది, నలుగుర్ని 1887 నవంబర్ 11న ఉరి తీశారు. 1893లో ఇలినాయ్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ ఆ విచారణే అన్యాయమని చెప్పి మిగిలిన ముగ్గుర్నీ విడిచిపెట్టాడు. మేడే ఈ పోరాటం గుర్తుగానే వచ్చింది. మన పక్క మద్రాసులో కార్మిక నాయకుడు సింగారవేలు 1923లో జరిపిన మేడే దేశంలో మొదటిది.

ఇంకో వైపు దాచిపెట్టడం నాకిష్టం లేదు. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు కార్నోని, 1900లో ఇటలీ రాజు ఉంబెర్టోని, 1901లో అమెరికా అధ్యక్షుడు మెకిన్లీని చంపింది అనార్కిస్టులమని చెప్పుకున్నవాళ్ళే. ఒక్కణ్ణి చంపితే జనం లేస్తారని వాళ్ళ నమ్మకం, జనం లేవలేదు, పోలీసు చట్టాలు మాత్రం గట్టిపడ్డాయి. ‘అనార్కిస్టు’ అంటే బాంబు పట్టుకున్న మనిషి అనే బొమ్మ అప్పుడు పడింది. ఆ బొమ్మే రౌలట్ చట్టం పేరులోకీ వచ్చింది.

ప్రభుత్వం లేకుండా ఊరు నడుస్తుందంటే నేను నమ్మను. మా పక్క చెరువులు చూడండి, ఆఫీసర్లు ఉండి కూడా పూడిపోయి కంప మొలిచి ఉండాయి. ఎవరూ లేకపోతే ఇంకేం మిగులుతుంది?
– రైతు, పలమనేరు

అన్నా, మీ చెరువునే ఉదాహరణగా తీసుకుందాం. మన పక్క గొలుసుకట్టు చెరువులు ఇంజనీర్ల డిపార్ట్‌మెంట్ పుట్టకముందే శతాబ్దాలుగా ఉన్నాయి. నీళ్ళు ఎవరు పంచారు? నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి, ముందు ఎవరి మడి తడవాలి, చెరువులో నీళ్ళు సగానికి వస్తే ఎవరి వంతు కొయ్యాలి, అంతా ఆయన చేతిలో. జీతం సర్కారు ఇవ్వలేదు, పంట కోశాక కళ్ళంలోనే రైతులు మేర కొలిచి ఇచ్చేవాళ్ళు. పంపకం సరిగా లేకపోతే కళ్ళంలో మాట పడేది. కట్ట మీద గండి పడ్డా, మొరవ దెబ్బతిన్నా, కాలువ పూడినా ఇంటికో మనిషి చొప్పున పార పట్టుకుని పోయేవాళ్ళు, కుడిమరామత్తు అంటే అదే. శిస్తు అంతా పైకి పోవడం మొదలయ్యాక ఈ కట్టుబాటు సడలింది. 1858లో సర్కారు మద్రాసు ప్రాంతానికి నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, పనికి రానివాడికి జుల్మానా పెట్టి దాన్ని మళ్ళీ నిలబెట్టాలని చూసింది. బెదిరింపుతో అది నిలబడలేదు.

క్రపోట్కిన్ చెప్పింది దాదాపు ఇదే. రష్యాలో రాజవంశంలో పుట్టి, సైబీరియాలో ఏళ్ళపాటు తిరిగి, జంతువులూ మనుషులూ బతికి బట్టకట్టింది కొట్టుకోవడం వల్లే కాదు, ఒకరికొకరు సాయం చేసుకోవడం వల్ల కూడా అని 1902లో పెద్ద పుస్తకం రాశాడు. అనార్కిస్టు కాకపోయినా ఎలినార్ ఆస్ట్రామ్ అనే అమెరికా పండితురాలు నేపాల్, స్పెయిన్ లాంటి చోట్ల రైతులే నడుపుకునే కాలువల్ని గమనించి, వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుంటే ఉమ్మడి ఆస్తి నిలబడుతుందని చూపించింది, 2009లో ఆమెకి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. మన రాష్ట్రంలో 1997లో నీటి సంఘాల చట్టం తెచ్చింది కూడా ఈ దారిలోనే.

అయితే పాత ఊరిని దేవలోకం చెయ్యను. నీరుగంటి పని ఎక్కువ చోట్ల ఒక కులానికి కట్టేసిన పని, కట్ట మీద ఎక్కువ మట్టి మోసినవాడికి ఆయకట్టులో సెంటు భూమి లేని ఊళ్ళు ఎన్నో. పైన రాజు లేకపోయినా ఊళ్ళో పెత్తనం ఉంది. నిజమైన అనార్కిస్టు ఆ పెత్తనాన్నీ ఒప్పుకోడు, రాజ్యం ఒక్కటే పోతే చాలనేవాడికి వాళ్ళు చెప్పే జవాబు అది. మీ ప్రశ్నకి నా జవాబు: ఆఫీసర్ ఉన్నాడా లేడా అన్నది కాదు చెరువుని కాపాడేది, పూడిక తీసినవాడికి నీళ్ళలో వాటా ఉందా లేదా అన్నది.

గాంధీగారు నేనూ అనార్కిస్టునే అన్నారట. ఇది వాట్సాప్ పుకారా?
– ప్రైవేటు ఉద్యోగి, శ్రీకాళహస్తి

పుకారు కాదు. 1916 ఫిబ్రవరిలో కాశీ హిందూ విశ్వవిద్యాలయం ప్రారంభోత్సవాల్లో, వేదిక మీద మహారాజులు కూర్చుని ఉండగా అన్నారు. తను అనార్కిస్టునే గానీ వేరే రకం అని, బాంబుల దారి తప్పని కూడా అదే ఉపన్యాసంలో చెప్పారు. అనీబిసెంట్ మధ్యలో ఆపమన్నారు, రాజులు లేచిపోయారు, సభ అక్కడితో ముగిసింది. 1931లో యంగ్ ఇండియాలో ఇంకా వివరంగా, ఎవరికి వారే పాలకుడై పక్కవాడికి అడ్డం రాకుండా బతికే స్థితిని వివేకం గల అరాజకంగా వర్ణించారు, అదే ఆదర్శమన్నారు. మద్రాసులో పుట్టిన ఎం.పి.టి. ఆచార్య గురించి కూడా వెతికి చదవండి, 1920లో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాళ్ళలో ఒకరై, తర్వాత విడిపోయి అనార్కిస్టుగానే చివరిదాకా బతికారు.

జిడ్డు కృష్ణమూర్తిని అనార్కిస్టు అనొచ్చా?
– అధ్యాపకురాలు, మదనపల్లె

రాజకీయ అర్థంలో అనలేం. 1895లో మీ ఊళ్ళో పుట్టిన ఆయన 1929లో హాలెండ్‌లోని ఓమెన్‌లో, తనని జగద్గురువుగా నిలబెట్టిన సంస్థని వేలమంది సభ్యుల ముందే రద్దు చేశారు, సత్యానికి దారి లేదు, దాన్ని సంస్థగా కట్టలేం అన్నారు. మనసు మీద ఎవరి అధికారమూ వద్దన్న మనిషి. కానీ రాజ్యం రద్దు కావాలని ఉద్యమం నడపలేదు.

గుండ్రని గీతలో ‘ఏ’ అక్షరం ఉన్న టీషర్టులు అమ్ముతున్నారు. అది దీని గుర్తేనా?
– ఇంటర్ విద్యార్థి, చంద్రగిరి

అవును. 1964లో పారిస్‌లో అనార్కిస్టు కుర్రాళ్ళ బృందం ఒకటి, గోడల మీద తొందరగా గీసెయ్యడానికి వీలుగా ప్రతిపాదించింది. వేసుకునేముందు పైన ఉన్న చికాగో జవాబు ఒకసారి చదువు.

పరీక్షలో అనార్కిజంని తెలుగులో ఏమని రాయాలి? అరాచకవాదమా, అరాజకవాదమా?
– డిగ్రీ విద్యార్థిని, తిరుపతి (రెండో ఉత్తరం)

మీ పాఠ్యపుస్తకంలో ఏది ఉంటే అది రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. నేను మాత్రం సిద్ధాంతం గురించి రాసేటప్పుడు అరాజకవాదం అనే రాస్తాను, ఎందుకంటే ‘అరాచకం’ అనగానే చదివేవాడి కళ్ళ ముందు పగిలిన అద్దాలు కనిపిస్తాయి, ప్రూధాన్ కనిపించడు. వ్యాసం మొదటి వాక్యంలోనే పాలకుడు లేని క్రమం అని అర్థం చెప్పేసి, ఆ తర్వాత 1840 దగ్గర మొదలుపెట్టండి.